కంటికీ నోటికీ మధ్య

వెంకటలక్ష్మి పుస్తకం తెరిచే ముందు గాజులను మోచేతుల వైపు తోసుకునేది. ముందు ఎడమ చేతివి, తర్వాత కుడి చేతివి. కదలకుండా బిగుసుకునేదాకా తోసేది. ఊదుబత్తుల షెడ్డులో కూర్చునే ఆడవాళ్లందరూ పని మొదలుపెట్టే ముందు చేసేదే అది. గాజులకు నల్లముద్ద అంటుకుంటే ఎంత కడిగినా పోదు. పుస్తకంలో అంటుకునేదేమీ లేదు. అయినా తోసుకునేది. ముంజేతుల మీద ఎర్రటి గీతలు సాయంత్రం దాకా ఉండేవి.

షెడ్డు కె.ఆర్.పురం స్టేషను వెనక. పైన రేకులు, మూడు వైపుల గోడలు, నాలుగో వైపు రైలుపట్టాల దాకా ఖాళీ నేల. అక్కడ ఊదుబత్తులు చుట్టేవారు. బొగ్గుపొడి, జిగురు బెరడు పొడి కలిపి తడిపిన ముద్దను పీట మీద పెట్టుకుని వెదురుపుల్లకు అరచేత్తో పట్టించాలి. పుల్ల పొడవునా మందం ఒక్కటిగా ఉండాలి. సువాసన అద్దేది ఊరికి అవతలి కొసన, వేరే చోట. ఇక్కడ తడిసిన బొగ్గు వాసన తప్ప మరేదీ ఉండేది కాదు. సాయంత్రం మేస్త్రి మునినారాయణప్ప వచ్చి, వంకరవీ లావువీ ఏరేసి, మిగిలినవి కట్టలు కట్టించుకుని పోయేవాడు.

ఆ ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది తెలుగు. బడికి వెళ్లినవాళ్లు వెళ్లింది కన్నడ బడికి. తెలుగు అక్షరం వాళ్లలో ఎవరికీ రాదు. రావాలని ఎవరికీ తోచలేదు.

వెంకటలక్ష్మి హొసకోటెలో ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయి కె.ఆర్.పురం వచ్చింది. భర్త నంజప్ప పాత మద్రాసు రోడ్డు మీద లారీ టైర్లకు పంక్చర్లు వేసేవాడు. ఆమె షెడ్డులో చేరింది తొంభై మూడులో. చేరిన కొత్తలోనే ఆమె బత్తులు వంకరగా రావడం మొదలైంది. వెదురుపుల్లల కట్టలకు పాత వారపత్రికల కాగితాలు చుట్టి పంపేవారు. ఆమె ఆ కాగితాన్ని పీట పక్కన పరుచుకుని, చేతులు ఒకచోట, కళ్లు ఒకచోట పెట్టి పని చేసేది.

అందరికన్నా పెద్దది సుంకమ్మ. ఆమె పీట ఎదురుగా ఉండేది.

"ఏముండాది మే దాంట్లో? కొత్త మొగుడు రాసిన జాబు మాదిరి చూస్తా ఉండావు," అంది ఒకరోజు.

"కథ అక్కా. సగమే ఉండాది."

"ఉండేంత చెప్పు. మిగతాది మేం చూసుకుంటాం."

వెంకటలక్ష్మి కాగితం చేతికి తీసుకుంది. అచ్చు కన్నడంలో ఉంది. ఆమె నోట్లోంచి తెలుగు వచ్చింది. తనకు అది ఒక పని అని కూడా తెలియలేదు. ఇంట్లో కరెంటు బిల్లు మీద ఏముందని అత్త అడిగితే చెప్పినట్టే చెప్పింది. కథలో ఒక ఆడమనిషి రైలు తలుపు దగ్గర నిలబడి ఉంది, స్టేషను వస్తోంది. అక్కడికి కాగితం అయిపోయింది.

ఆమె దిగిందా లేదా అన్నదాని మీద ఆ సాయంత్రం దాకా మాటలు నడిచాయి. దిగి ఉంటే అత్తింటికి పోయేదే కదా అని ఒకరు, అత్తిల్లయితే తలుపు దగ్గర అంత ముందుగా ఎందుకు నిలబడుతుందని ఒకరు. మర్నాడూ అదే. ఆ వారం వెంకటలక్ష్మి టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర బాడుగకు పుస్తకాలిచ్చే అంగడికి వెళ్లింది. ఆ కథ దొరకలేదు, ఎప్పటికీ దొరకలేదు. వేరే నవల తెచ్చింది.

చదువుతూ బత్తులు చేయడం కుదరదు. నాలుగు రోజులు చూసి సుంకమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఎవరి పీట మీద బత్తులు నిండితే వాళ్లు అందులో ఒక పిడికెడు తీసి వెంకటలక్ష్మి పీట మీద వేయాలి. సాయంత్రానికి ఆమె పీటా నిండుతుంది. ఆమె చదవాలి.

మునినారాయణప్ప మొదటిసారి చూసినప్పుడు గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఏమిది, హరికథా?"

"తాళాలు లేవు గదప్పా," అంది సుంకమ్మ.

"పని?"

"తూకమేసుకో. తక్కువుంటే అడుగు."

తక్కువ లేదు. టీకని పొద్దుటా సాయంత్రం బయటికి పోయేవాళ్లు పోవడం మానేశారు. ఆయన మళ్లీ అడగలేదు. కొన్నాళ్లకు రావలసిన వేళకన్నా ముందే వచ్చి గోడ అవతల సైకిలు స్టాండు వేసి నిలబడటం అలవాటు చేసుకున్నాడు. సైకిలు స్టాండు చప్పుడు లోపలికి వినపడేది. వెంకటలక్ష్మి కొంచెం గొంతు పెంచేది. తమకు తెలుసని ఎవరూ ఆయనతో అనలేదు.

ఆమె గొంతు గొప్పది కాదు. పాట రాదు. కథలో మనుషుల్లా గొంతులు మార్చేది కాదు. ఏడ్చే మాటనూ కూరగాయల మాటనూ ఒకేలా చెప్పేది. ఆడవాళ్లు చూసేది ఇంకొకటి. కన్నడ వాక్యం కంటికి అందాక, అది తెలుగై నోటికి వచ్చేలోపు ఒక క్షణం ఉండేది. ఆ క్షణంలో ఆమెకు తెలుసు, వాళ్లకు తెలీదు. ఆ తెలిసినది ముందుగా ముఖం మీదికి వచ్చేది. కనుబొమలు దగ్గరయ్యేవి. లేదా కింది పెదవి ఒక పక్కకు జరిగేది. అప్పటికే సుంకమ్మ, "ఆ, ఏమో అయిండాది," అనేది. తర్వాత మాట వచ్చేది. కొన్నేళ్లకు అందరూ మాట కన్నా ముఖాన్నే ఎక్కువ చూడసాగారు. బత్తి చుట్టడానికి కళ్లు అక్కర్లేదు.

చదివేవాళ్లకు ఉండే లోపాలన్నీ ఆమెకూ ఉన్నాయి. పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చేది. పిలిస్తే రెండో పిలుపుకు పలికేది. ఉప్పు కొనడానికి వెళ్లి, అంగడివాడు పొట్లం కట్టిన కాగితం చదువుతూ పొట్లం అక్కడే మరిచి వచ్చింది. అయినా షెడ్డులో ఎవరికి ఇంట్లో తగాదా వచ్చినా ఆమె పక్కకే వచ్చి కూర్చునేవారు. ఆమె సలహా చెప్పేది కాదు. "నాకేం తెలుసు అక్కా," అనేది. కానీ వినేటప్పుడు మధ్యలో మాట అందుకునేది కాదు. తర్వాత ఏం జరిగిందో నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చూసేది. కొడుకుతో మాట్లాడటం మానేసిన సమీనా, తన గొడవంతా ఆమెకు మొదటినుంచి చివరిదాకా చెప్పి, చెప్పడం పూర్తయ్యాక లేచి కొడుకు దగ్గరికి వెళ్లింది. వెంకటలక్ష్మి ఒక్క మాట అనలేదు.

నంజప్ప మాత్రం, "బుక్కులో ఉండేవాళ్లంటే నీకు అంత మర్యాద. నేనూ ఏదన్నా బుక్కులో చేరతా," అనేవాడు.

"చేరు. ఏ పేజీలో ఉండావో చెప్పి చేరు," అనేది ఆమె.

రెండు వేల ఒకటిలో స్టేషను పక్కన పట్టాల మీదుగా వేలాడే వంతెన పని జోరుగా సాగుతోంది. లారీలు, యంత్రాలు, రోజంతా మోత. షెడ్డుకు నాలుగో గోడ లేదు. ఆమె ఆ ఏడాదంతా మోతను మించి గొంతెత్తి చదివింది. బొగ్గుపొడి ఎప్పుడూ ఉన్నదే, దానికి సిమెంటు దుమ్ము తోడైంది. మొదట గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగింది. తర్వాత వాక్యం మొదట్లో ఉన్న గొంతు చివరిదాకా నిలిచేది కాదు. చివరి మాటలను ఆడవాళ్లే పూర్తి చేసుకునేవారు. మరుసటి ఏడాది ఎండాకాలంలో పెద్దాసుపత్రి డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, లోపల గడ్డలున్నాయన్నాడు. మాట్లాడకూడదు. గుసగుస అసలే కూడదు, అది ఇంకా చెరుపు. ఆరు నెలలు పూర్తిగా మౌనం. తర్వాత చూసి చెబుతామన్నాడు. గొంతు మళ్లీ వస్తుందని గానీ రాదని గానీ అనలేదు.

"ఇంట్లో ఎట్లాగూ మాట్లాడేది గాదు. నాకేం తేడా తెలీదు," అని నంజప్ప అందరితో చెప్పాడు. ఆ వారం పంక్చరు అంగడికి మూడు రోజులు పోలేదు.

షెడ్డులో పదో తరగతి చదివిన చైత్ర ఉంది. పెళ్లయి కొత్తగా వచ్చిన పిల్ల. పుస్తకం ఆమె చేతికిచ్చారు. చైత్ర తప్పు లేకుండా, గట్టిగా, కన్నడంలో చదివింది. కన్నడం అందరికీ వచ్చు. మూడో రోజు సుంకమ్మ అంది:

"బాగుండాది అమ్మణ్ణీ. బస్టాండులో మైకులో చెప్పినట్లుండాది."

చైత్ర నవ్వింది. "నాకూ అట్లే ఉండాది అక్కా. దాంట్లో నాకేమీ కనపడ్తా లేదు. తెలుగులో చెప్దామంటే, కన్నడ చూస్తే నోట్లో కన్నడే వస్తాది."

"పోనీలే. నీ బత్తులు నువ్వు చేసుకో. అవి బాగుండాయి."

వెంకటలక్ష్మి పీట ముందు కూర్చుని పుల్ల అందుకుంది. తొమ్మిదేళ్లుగా ఆమె బత్తి చుట్టలేదు. చేతులకు పని గుర్తులేదు. ముద్ద నడుమ లావుగా, కొసన పలచగా వచ్చింది. మిగతావాళ్లు పాత లెక్కన పిడికెడు బత్తులు ఆమె పీట మీద వేశారు. ఆమె వాటిని ఎవరివి వాళ్లకు తిరిగి పెట్టేసింది. మళ్లీ వేశారు. మళ్లీ తిరిగి పెట్టింది. చదవనిదానికి తీసుకోనని చేతులతో చెప్పింది, ఎవరికీ అనుమానం మిగలకుండా.

శనివారం మునినారాయణప్ప ఆమె బత్తులు చూశాడు. రెండు తీసి విరిచాడు. కోపంగా కాదు. విరిస్తే లోపల ముద్ద ఎట్లా పట్టిందో తెలుస్తుంది.

"ఇవి చెల్లవమ్మా," అన్నాడు. విరిచినవి పీట మీద పెట్టి, "జిగణిలో మావాళ్ల ప్యాకింగు షెడ్డు ఉండాది. పెట్టెలు అంటించే పని. నోటితో పని లేదు. సోమవారం నుంచి రమ్మంటారు," అన్నాడు.

జిగణి ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. ఆమె తల వంచుకుంది.

"ఆ యమ్మకు ఇక్కడే పని ఉండాది," అంది సుంకమ్మ.

"ఏం పని?"

"చదివేది."

"నోరు లేదు గదా. ఎవరికి చదువుతాది?"

"తనకే చదువుకుంటాది. మేం చూస్తాం."

మునినారాయణప్పకు వెంటనే అర్థం కాలేదు. సమీనా కల్పించుకుంది. "టీవీలో సౌండు పోతే టీవీని వీధిలో పారేస్తామా మేస్త్రీ? బొమ్మ వస్తా ఉండాది గదా."

అందరూ నవ్వారు. వెంకటలక్ష్మి నవ్వలేదు. తన మానాన తాను చదువుకుంటే మిగతావాళ్లు తమ కూలిలోంచి ఇవ్వడమేమిటని, అడ్డంగా తలూపింది.

"మే, సుమ్మనే, ఊరికే ఇస్తా ఉండామా?" అంది సుంకమ్మ. "నువ్వు లేకపోతే ఇక్కడ ఏముండాది? బొగ్గు. సోమవారం ఒక్క దినం చూడు. బాగలేకపోతే జిగణికి పో. నేనే బస్సెక్కిస్తా."

"నాకు బత్తుల లెక్క కుదిరితే చాలు," అన్నాడు మునినారాయణప్ప. "సోమవారం సాయంత్రం వస్తా. ఇక్కడో, జిగణో, అప్పుడు చెప్పమ్మా."

సోమవారం ఆమె కొత్త పుస్తకం తెచ్చింది. కొంచెం లావు పుస్తకం. గోడకు ఆనుకుని కూర్చుని తెరిచింది. మొదటి పేజీల్లో పదే పదే తలెత్తి చూసింది, ఎవరైనా ఎగతాళి చేస్తున్నారేమోనన్నట్టు. ఎవరూ చేయలేదు. చేతులు పని చేస్తున్నాయి. తర్వాత తలెత్తడం మానేసింది.

ఆడవాళ్లు చూస్తున్నారు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరో వచ్చినారు," అంది సమీనా, గొంతు తగ్గించి.

"అప్పులోడా?"

"కాదు, చుట్టం. అప్పులోడైతే మొగం ఇంకా కిందికి పోతాది."

కింది పెదవి పక్కకు జరిగింది. చైత్ర, "పెళ్లి మాట," అంది. "ఈ వయసులో నీకు అదే కనపడ్తాది," అని సుంకమ్మ తీసిపారేసింది. కాసేపటికి వెంకటలక్ష్మికి నవ్వొచ్చింది. శబ్దం రాలేదు, భుజాలు కదిలాయి. షెడ్డంతా నవ్వింది, దేనికో తెలియకుండానే. బత్తులు పడుతున్నాయి. పిడికెడు పిడికెడుగా ఆమె పీట మీదికి చేరుతున్నాయి. ఆమె తిరిగి పెట్టడం లేదు. చూడటం కూడా లేదు.

ఆమె ఎక్కడికి పోయిందో అక్కడ ఆడవాళ్లు లేరు. తొమ్మిదేళ్లుగా షెడ్డులో ప్రతి వాక్యాన్నీ మోసి, దించి, మళ్లీ వెనక్కు వచ్చి ఇంకొకటి ఎత్తుకున్న మనిషి. ఇప్పుడు చేతిలో బరువు లేదు. కన్ను తనంత తాను పోతోంది. పేజీలు త్వరత్వరగా తిరిగాయి. ముఖం మీదికి ఒకటి వచ్చి, అదేమిటో వాళ్లు అనుకునేలోపే ఇంకొకటి వచ్చేది. పదకొండు దాటాక సమీనా ఊహించడం మానేసింది. తర్వాత చైత్ర మానేసింది. బత్తులు దొర్లే చప్పుడు మాత్రం మిగిలింది.

అన్నం వేళకు కొంచెం ముందు వెంకటలక్ష్మి పుస్తకం మూసింది. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం తేటగా ఉంది. చుట్టూ చూసింది. అందరి చేతులూ ఆగి ఉన్నాయి.

"అయిపోయిందా?" అంది సుంకమ్మ.

తలూపింది.

"అంతా?"

మళ్లీ తలూపింది, సంతోషంగా.

"ఎనిమిది దినాలు వచ్చేది గదే ఒక్క బుక్కు మాకు."

వెంకటలక్ష్మి ముఖంలో సంతోషం అట్లాగే ఉండి, కొంచెం ఆలస్యంగా పోయింది.

"ఏమాయె దాంట్లో?" అంది సుంకమ్మ. జవాబు రాదని ఆమెకు తెలుసు. "చచ్చినారా, బతికినారా? ఎవరు వచ్చినారు మొదట్లో? నువ్వు నవ్వినావే, ఎందుకు నవ్వినావు?" ముద్ద మీద తడిగుడ్డ కప్పింది. "మమ్మల్ని ఈడ్నే వదిలిపెట్టి పోయినావు మే. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు."

సమీనా అన్నం గిన్నె మూత తీసింది.

వెంకటలక్ష్మి పుస్తకాన్ని గోడ పక్కన పెట్టింది. తర్వాత తన పీట మీది బత్తులను చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కరి పీట దగ్గరికి వెళ్లి పిడికెడేసి పెట్టి వచ్చింది. ఈసారి ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. మధ్యాహ్నమంతా ఆమె పొడి జల్లించింది.

సాయంత్రం సైకిలు చప్పుడైంది. మునినారాయణప్ప లోపలికి వచ్చి కట్టలు చూసుకున్నాడు. "ఏమంటావమ్మా? ఇక్కడా, జిగణా?"

ఆమె సుంకమ్మ వైపు చూసింది. సుంకమ్మ చేతులు కడుక్కుంటోంది, తలెత్తలేదు. వెంకటలక్ష్మి, రేపు చెబుతానన్నట్టు మేస్త్రికి చెయ్యి చూపించింది. ఖాళీగా ఉన్న ఆమె పీటను చూసి ఆయన కట్టలు ఎత్తుకున్నాడు. ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని, పట్టాల పక్క బాట వెంట ఇంటికి వెళ్లింది.

మర్నాటి ఉదయం ఆమె అందరూ వచ్చి కూర్చున్నాక వచ్చింది. గోడ దగ్గర కూర్చోలేదు. నడుమకు వచ్చి, తొమ్మిది పీటలకూ ముఖం కనపడేలా కూర్చుంది. పుస్తకం నిన్నటిదే. మొదటి పేజీ తెరిచింది. పెదవులు కదిలాయి. శబ్దం లేదు, ఊపిరి కూడా బయటికి రానివ్వలేదు. కన్ను ఒక వరస దగ్గర ఆగింది, పెదవులు ఆ వరస పూర్తి చేసేదాకా ఆగింది, తర్వాత కిందికి దిగింది. కదులుతున్నది తెలుగు. సుంకమ్మ రెండు మాటలు పట్టుకుంది, మూడోది పట్టుకోలేకపోయింది. వెంకటలక్ష్మి కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె అక్కడ ఆగి, తలెత్తి, సమీనా ఏదో ఒకటి అనేదాకా చూసింది. సమీనా, "చుట్టమే," అంది. వెంకటలక్ష్మి తలూపి తర్వాతి వాక్యంలోకి వెళ్లింది.

అన్నం వేళకు ఆమె పదిహేనో పేజీ దాటలేదు.